హద్దూ కారు బేరం

హద్దూది ఒకటే జబ్బు. ఏ వస్తువునైనా సరే, కొంటాననడు, కొననూ అనడు. ఆలోచిస్తానంటాడు. మాటవరసకి అనడం కాదు, నిజంగానే ఆలోచిస్తాడు. మిదెల్త్ ఊరి తోటల్లో ఆపిల్ చెట్లు పూతకొచ్చి, కాయలు కాసి, ఆ కాయలు పెట్టెల్లోకి ఎక్కి లారీల్లో వెళ్ళిపోయినా అతని ఆలోచన మాత్రం ఊరు దాటదు.

ఈ సంగతి ఊరందరికీ తెలిసిందే. దాన్ని అనుభవించినవాడు మాత్రం అతని బావమరిది జైద్. అర్రషీదియా వెళ్ళే రోడ్డు మీద జైద్‌కి టైర్ల కొట్టు ఉంది. బండి పూర్తిగా ఆగకముందే టైరు వంక చూసి "పోయింది, మార్చాలి" అనడం అతని వృత్తి. జీవితంలో మిగతా విషయాలు కూడా అతను అలాగే తేల్చేసేవాడు. ఇల్లు కొన్నప్పుడు మేడ ఎక్కి చూడలేదు. పెళ్ళిచూపుల్లో గ్లాసులో టీ చల్లారకముందే సరేనన్నాడు. అలాంటివాడికి దేవుడు హద్దూని బావగా ఇచ్చాడు.

వేసవిలో హద్దూ పుచ్చకాయ కొనడానికి వెళితే చూడ్డానికి జనం మూగేవారు. కాయను ఎత్తి, తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, వాసన చూసి, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా మళ్ళీ దాని చోట్లో పెట్టేవాడు. ఆ తర్వాత పక్క కాయ. సాయంత్రానికి బండి ఖాళీ, అతని సంచీ ఖాళీ. బండివాడు కొన్నాళ్ళు కోప్పడి, తర్వాత తెలివి తెచ్చుకుని, ఒక పీట వేసి కూర్చోబెట్టి, వచ్చేవాళ్ళకి కాయలు ఎంచిపెట్టమన్నాడు. ఇతరుల కోసమైతే హద్దూ తడుముకునేవాడు కాదు. అతను ఎంచిన కాయ తెల్లగా తేలిందని ఎవరూ తిరిగి తెచ్చింది లేదు. తన ఇంటికి మాత్రం భార్య ఇత్తో వేరే బండి దగ్గర కొని తెచ్చుకునేది.

ఇత్తో జైద్‌కి అక్క. ఆమెను చూడ్డానికి వచ్చిన రోజున హద్దూ టీ తాగి, బాదం బిస్కత్తులు తిని, ఆలోచించి చెబుతానని వెళ్ళాడు. ఆమె తండ్రి ఎదురుచూసి ఎదురుచూసి వేరే సంబంధం వెతకబోతే, నేనింకా ఆలోచిస్తూనే ఉన్నానండీ అని పరుగెత్తుకొచ్చాడు. చివరికి ఇత్తోనే కబురు పంపింది. "గురువారం నా పెళ్ళి. పెళ్ళికొడుకుగా వస్తావో, చుట్టంగా వస్తావో నీ ఇష్టం." పెళ్ళికొడుకుగానే వచ్చాడు. కాస్త ఆలస్యంగా.

అతను ఉద్యోగం చేసింది పోస్టాఫీసులో, స్టాంపుల కిటికీ దగ్గర. ఎవరైనా మొహం గంటు పెట్టుకుని ఉత్తరం తెస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది పంపడం అవసరమేనా, ఇవాళ్టికి ఇంటికి తీసుకెళ్ళి మరోసారి ఆలోచించరాదూ అనేవాడు. వరసలో నిలబడ్డవాళ్ళు వెనక నుంచి అరిచేవారు. తెచ్చినవాడు సిగ్గుపడి కవరు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో కొన్ని విడాకులూ, ఒక పెద్ద పొలం దావా ఆ కిటికీ దగ్గరే ఆగిపోయాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. పైఅధికారులు మాత్రం ఈ కిటికీలో స్టాంపులు ఎందుకు అమ్ముడుపోవడం లేదని సంజాయిషీ అడిగారు.

అతని ఒంటి మీది గోధుమరంగు పొడుగు అంగీ, జెల్లాబా కూడా ఊరందరికీ తెలిసిందే. మోచేతుల దగ్గర దారాలు వేలాడుతుంటాయి. కొత్తది కుట్టించుకుందామని బట్టల కొట్లో ఒక ఉన్ని తాను చూసి, దాన్ని పక్కన పెట్టమన్నాడు. ఆ తాను ఇప్పటికీ పై అరలో అతని పేరు మీదే ఉంది. హద్దూ ఆలోచిస్తున్నాడు గానీ చిమ్మటలు ఆలోచించలేదు.

ఇలాంటి మనిషి రిటైరయ్యాక, ఒక శుక్రవారం అందరూ కుస్కుస్ పళ్ళెం చుట్టూ కూర్చున్నప్పుడు, కారు కొనాలనుకుంటున్నానని ప్రకటించాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన పొలానికి పరిహారం వచ్చి బ్యాంకులో పడి ఉంది. మోకాళ్ళ నొప్పులు. చలికాలం అయాచీ కొండ మీద నుంచి వచ్చే గాలి ఎముకల్లోకి దూరుతుంది. కనుమలో మంచు పడితే చిన్న కార్లు ఎక్కవు. కాబట్టి ఎత్తుగా, బరువుగా, డీజిల్‌తో నడిచే పెద్ద కారు కావాలి. కొత్తది కొనే తాహతు లేదు కనక వాడినది చూడాలి. ఇంతవరకూ స్పష్టంగానే ఉంది. ఇత్తో పళ్ళెంలోంచి తలెత్తకుండా, మనం బతికుండగానేనా అని అడిగింది.

జైద్ గుమ్మడికాయ ముక్క మింగేలోపు తేల్చేశాడు. "మీలూద్ హాజీ కారు ఉంది బావా. రేపు చూద్దాం."

మీలూద్ హాజీ ఈ ఊరివాడు కాదు. తూర్పున బొగ్గుగనుల ప్రాంతంలో పుట్టి, బెల్జియంలో ఓడరేవులో క్రేన్ నడిపి, ముసలితనంలో భార్య రబ్హా పుట్టిన ఊరని ఇక్కడికొచ్చి, ఊరి చివర ఇల్లు కట్టుకున్నాడు. పిల్లలు లేరు. రబ్హాకి నడుము నొప్పి. మెక్నెస్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి సుఖంగా ఉండాలని ఆ కారు తెచ్చాడు. నల్లటి కారు. తోలు సీట్లు, చలికాలం వాటంతటవే వెచ్చబడతాయి. దాని పేరు చెబితే కేఫ్‌లో మగవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవారు. గడిచిన చలికాలంలో రబ్హా పోయింది. ఊరు ఆమెది, చుట్టాలు ఆమెవాళ్ళు. నలభయ్యో రోజు వరకూ వచ్చిపోయారు, తర్వాత ఎవరి పనులు వాళ్ళవి. మీలూద్ కారు అద్దానికి అమ్మకానికి ఉందని కాగితం అంటించి, ఎవరైనా వస్తే చెప్పమని జైద్‌తో అన్నాడు.

మర్నాడు జైద్ బావని వెంటబెట్టుకెళ్ళాడు. హద్దూ కారు చుట్టూ తిరిగాడు. తలుపు తెరిచాడు, మూశాడు, ఆ చప్పుడు విని మళ్ళీ తెరిచాడు. మీలూద్ లోపలికెళ్ళి టీ పళ్ళెం తెచ్చాడు. ఇంతలో కొట్టు దగ్గర లారీ ఆగిందని ఫోనొస్తే జైద్ వెళ్ళిపోయాడు. ఇటువంటి కారు, అడుగుతున్న ధర, బ్యాంకులో డబ్బు. ఇందులో ఆలోచించడానికి ఏముందని అతని ధీమా.

సాయంత్రం బావ వచ్చి, ఆలోచించి చెబుతానన్నాను అన్నాడు.

ఆ మర్నాడు సాయంత్రం అసర్ నమాజు కాగానే హద్దూ మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడూ అంతే. రోజుకో ప్రశ్న. ఇంజను బెల్టు ఎప్పుడు మార్చారు? టర్బో ఈల వేస్తుందా? మీటరు చూపించే దూరం నిజంగా తిరిగిందేనా? గాలి స్ప్రింగుల కార్లు తెల్లారేసరికి ఒంటెల్లా మోకాళ్ళ మీద కూర్చుంటాయట, ఇది నిలబడే ఉంటుందా? ఈ చివరి ప్రశ్న కోసం అతను తెల్లారగట్ల ఫజర్ నమాజు కాగానే కూడా వెళ్ళి చూసొచ్చాడు. నిలబడే ఉంది. అక్కడే రొట్టె, ఆలివ్ నూనె తిని వచ్చాడు.

కేఫ్‌లో దీనిమీద రెండు పార్టీలు తయారయ్యాయి. కొనమనేవాళ్ళు ఆ ఇంజను కొండనైనా ఎక్కేస్తుందన్నారు. వద్దనేవాళ్ళు కారు చవకే గానీ దాన్ని మేపడం చవక కాదన్నారు. వెనక లైటు ఒకటి పగిలితే కంచరగాడిద ధర, గేరుబాక్సు పోతే గాడిదతో పాటు కొట్టం కూడా అమ్ముకోవాలన్నారు. హద్దూ రెండు పక్షాల మాటా శ్రద్ధగా విని, ఇద్దరిదీ నిజమేనని చెప్పి, అసర్ కాగానే మీలూద్ ఇంటికి బయల్దేరేవాడు.

ప్రశ్నలు అయిపోయాక ట్రయళ్ళు మొదలయ్యాయి. ఖాళీ కారు తల్గుమ్త్ కనుమ ఎలా ఎక్కుతుందో చూశారు. బరువు వేస్తే ఎలా ఎక్కుతుందో చూడాలని ఎవరివో ఆపిల్ పెట్టెలు ఎక్కించారు. బక్రీదుకి ముందు ఒక గొర్రెపోతుని వెనక సీట్లో కూర్చోబెట్టి, కుదుపులకి దానికి కడుపులో తిప్పుతుందేమో చూశారు. గొర్రెపోతు ఊరంతా చూస్తూ హాయిగా వెళ్ళొచ్చింది. ఎదురుగాలి ఉన్న రోజొకసారి, లేని రోజొకసారి. పెట్రోలు బంకు దగ్గర మాత్రం ఇద్దరికీ గొడవయ్యేది. నేను ఆలోచించుకోడానికి నీ డీజిల్ ఎందుకు కాలాలని హద్దూ, కారు నాదైతే డీజిల్ నీదెలా అవుతుందని మీలూద్. బంకువాడు రోజూ ఇద్దరి దగ్గరా సగం సగం తీసుకుని, ఇద్దర్నీ దీవించి పంపేవాడు.

ఇత్తో రోజూ సాయంత్రం పొరల రొట్టెలు కాల్చి గుడ్డలో కట్టి ఇచ్చేది. ఇద్దరికి సరిపడా. కారు చూడ్డానికి వెళ్ళేవాడికి రొట్టెలెందుకు అక్కా అని జైద్ అడిగితే, ఖాళీ కడుపుతో ఆలోచన సాగదట అని చెప్పి మళ్ళీ పిండి సాగదీసుకునేది.

జైద్‌కి మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కొట్టుకొచ్చిన ప్రతివాడూ టైరు సంగతి ముందు మీ బావ సంగతి చెప్పమనేవాడు. పైగా, పాపం ముసలాయన అమ్ముకుందామనుకుంటే మన మనిషి అడ్డంగా కూర్చున్నాడే అని అతనికి బాధగా కూడా ఉండేది. చివరికి ఒకరోజు మీలూద్‌తో విడిగా మాట్లాడి, ధర కాస్త తగ్గిస్తే తేలిపోతుందని ఒప్పించాడు. తను దగ్గరుండి తేల్చేయాలని ఆ సాయంత్రం కొట్టు మూసుకుని వెళ్ళాడు.

మీలూద్ టీ పోస్తూ, ఇష్టంలేనట్టుగానే, ధర తగ్గిస్తున్నానని చెప్పాడు. హద్దూ మొహం పాలిపోయింది.

"తగ్గించడమేంటి హాజీ? ఎందుకు?"

"నీకోసమే. స్నేహితుడివి."

"స్నేహితుడి కోసం తగ్గించి రేపు బాధపడతావు. నాకొద్దు ఆ పాపం. పాత ధరే న్యాయం."

"పాత ధర ఎక్కువేనయ్యా."

"ఎక్కువేం కాదు. ఆ తోలు చూడు, ఎక్కడైనా గీత ఉందా? అసలు నువ్వు మొదట్లోనే తక్కువ చెప్పావని నా అనుమానం."

మీలూద్ ఆలోచించి, అది కూడా నిజమే అన్నాడు. రెండో కెటిల్ అయ్యేసరికి ధర మొదట చెప్పినదాని కన్నా పైకెళ్ళింది. ఇద్దరి మొహాలూ తేటపడ్డాయి. హద్దూ చెయ్యి కలిపి, ఈ కొత్త ధర గురించి ఆలోచించి చెబుతానన్నాడు. బేరంలో కొనేవాడు ధర పెంచడం, అమ్మేవాడు సరేననడం జైద్ ఎక్కడా చూడలేదు. చేతిలో టీ అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఇక లాభం లేదని అతను వేరే కొనుగోలుదారుని వెతికాడు. దక్షిణాన ఖర్జూరపు తోటల వైపు హోటలు నడిపే బెనైసా. పర్యాటకుల్ని ఇసుక దిబ్బలకి తీసుకెళ్ళడానికి బండ్లు చాలా ఉన్నాయి, ఇంకోటి కావాలి. బెనైసా కూడా జైద్ లాంటివాడే, నిలబడి మాట్లాడే మనిషి. ఈ బేరం కుదిరితే తన బండ్లన్నిటికీ టైర్లు జైద్ దగ్గరే కొంటానని మాటిచ్చాడు. జైద్‌కి అది చిన్న విషయం కాదు. అలాంటి ఖాతా ఒకటి దొరికితే కొట్టు పక్క గది కూడా తీసుకోవచ్చు. అతను అప్పటికే ఆ గది అద్దె అడిగేశాడు.

ఆపిల్ కోతలు అయిపోతున్న రోజుల్లో బెనైసా వచ్చాడు. అప్పటికే హద్దూ, మీలూద్ ముంగిట్లో టీ ముందు కూర్చుని ఉన్నారు. విషయం విని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచారు.

బెనైసా బానెట్ తెరిపించాడు. మీలూద్ గొంతు సవరించుకుని, చలికాలం పొద్దున్నే ఇది లేవదండీ, బతిమాలుకోవాలి అన్నాడు. బెనైసా తాళం తిప్పాడు. ఇంజను పిల్లి గురక పెట్టినట్టు మెత్తగా మొదలైంది.

"ఇవాళెందుకో లేచింది" అన్నాడు మీలూద్.

"నల్లపొగ వదులుతుంది" అన్నాడు హద్దూ.

బెనైసా వెనక్కెళ్ళి చూశాడు. పొగ లేదు.

"కనుమ ఎక్కేటప్పుడు" అని హద్దూ సవరించాడు.

సీట్లు వెచ్చబడడం కాదు, కాలతాయన్నాడు మీలూద్. స్టీరింగు ఎడమకి లాగుతుందన్నాడు హద్దూ, కుడికన్నాడు మీలూద్. ఇద్దరూ కాసేపు వాదించుకుని, ఒకరోజు అటు, ఒకరోజు ఇటు లాగుతుందని రాజీకొచ్చారు. జైద్ ప్రాణం ఉసూరుమంది. కళ్ళముందే టైర్లు ఒక్కొక్కటీ దొర్లుకుంటూ వెళ్ళిపోతున్నాయి.

కానీ బెనైసా వ్యాపారి. లోపాలు దాచి అమ్మేవాళ్ళని చాలామందిని చూశాడు. లేని లోపాలు చెప్పేవాళ్ళని చూడ్డం ఇదే మొదలు. వీళ్ళకి దీన్ని వదలడం ఇష్టం లేదంటే ఇందులో ఏదో గొప్పతనం ఉండాలని నిశ్చయించుకుని, ధర పెంచాడు. మీలూద్ బిత్తరపోయాడు. ఇంకో రెండు లోపాలు చెప్పాడు. బెనైసా ఇంకా పెంచాడు.

దారి కనబడక మీలూద్ చెయ్యెత్తి హద్దూని చూపించాడు. "లాభం లేదండీ. ఈయనకి మాటిచ్చాను."

బెనైసా హద్దూ వైపు తిరిగాడు. "అయితే మీరు కొంటున్నారా?"

అవును అంటే కారు కొనాలి. కాదు అంటే కారు పోతుంది. హద్దూ జీవితంలో అక్కడికక్కడే జవాబు చెప్పాల్సిన అవసరం ఇలా ఎప్పుడూ రాలేదు. నోరు తెరిచాడు, మూశాడు. జైద్‌కి బావ మీద కోపం ఉన్నా, ఆ క్షణంలో ఎందుకో అతని మీద జాలేసింది.

"మీరు నా చోట ఉంటే ఏం చేసేవారు?" అని అడిగాడు హద్దూ.

కొనేవాణ్ణి అన్నాడు బెనైసా.

ఎందుకని అడిగాడు హద్దూ. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

బెనైసా చెప్పడం మొదలుపెట్టాడు. హద్దూ ఒక్కో మాటకీ ఇంకో మాట అడిగాడు. ఇసుకలో ఈ బరువు దిగబడదా? దిగబడితే లాగేదెవరు? పర్యాటకులు ఎండాకాలంలో వస్తారు కదా, వెచ్చటి సీట్లెందుకు? ఉన్న బండ్లు అన్నీ రోజూ తిరుగుతున్నాయా? బెనైసా నిలబడి చెప్పలేక కూర్చున్నాడు. మీలూద్ అతనికీ టీ పోశాడు. ఇత్తో కట్టిచ్చిన రొట్టెల మూట విప్పారు. బెనైసా రెండు రొట్టెలు తిని, అసలు హోటలు వ్యాపారంలోకి తనెందుకొచ్చాడో, తండ్రి చూసుకోమన్న తోట వదిలేసి తప్పు చేశాడేమో అనే దాకా వెళ్ళాడు. పొద్దు కొండవైపు వాలింది. చివరికి అతను లేచి, తల గోక్కుంటూ, నేను కూడా ఒకసారి ఆలోచించి ఫోన్ చేస్తాను అని వెళ్ళిపోయాడు.

అతని బండి మలుపు తిరగగానే హద్దూ మగ్రిబ్ నమాజుకని మసీదు వైపు జారుకున్నాడు. జైద్‌లో అన్నాళ్ళ నుంచీ ఉన్న కోపమంతా మీలూద్ మీదికి తిరిగింది. పెద్దవాడని కూడా చూడకుండా, అమ్మడం ఇష్టం లేకపోతే ఆ కాగితం ఎందుకు అంటించారు, నన్నెందుకు తిప్పారు అని అడిగాడు.

మీలూద్ కెటిల్ మూత పెట్టి, బయటికి చూసి, గొంతు తగ్గించాడు.

"మీ బావతో అననంటే చెబుతాను. పాపం, ఆయన దగ్గర డబ్బు లేదు బాబూ. ఆ జెల్లాబా చూశావా, మోచేతులు? కొనలేడు. కానీ ఈ కారంటే ప్రాణం. రోజూ వస్తాడు, తలుపు తీస్తాడు, ఆ చప్పుడు వింటాడు. నేను అమ్మేశాననుకో, సాయంత్రాలు ఏం చేసుకుంటాడు? ఎక్కడికెళతాడు?"

జైద్ నోరు తెరిచాడు. బ్యాంకులో ఉన్న డబ్బు సంగతి నాలుక చివరికొచ్చింది.

"అమ్ముదామనే కాగితం అంటించాను" అన్నాడు మీలూద్. "ఇప్పుడెలా అమ్ముతాను? ఆయన ఆశ పెట్టుకున్నాక?"

జైద్ ఆ మాట మింగేసి బయటికొచ్చాడు. మసీదు మెట్ల మీద బావ చెప్పులు వేసుకుంటూ కనిపించాడు. కుడిది వేసుకున్నాడు, ఎడమదాని గురించి ఇంకా ఏదో చూస్తున్నాడు. జైద్ పక్కన కూర్చున్నాడు. కోపం సగం చల్లారింది గానీ సగం ఉంది. బావా, ఒక్క మాట చెప్పు, నువ్వీ కారు కొంటావా కొనవా అని అడిగాడు.

"కొనను" అన్నాడు హద్దూ.

ఆ నోటి నుంచి అంత చిన్న జవాబు జైద్ ఎప్పుడూ వినలేదు. సరిగా వినలేదేమోనని మళ్ళీ అడిగాడు.

"కొనను రా. మొదటిరోజే తేల్చుకున్నాను. అంత కారు నాకెందుకు? మన సందులో తిరుగుతుందా అది? తలుపు తీస్తే ఎదురింటి గోడకి తగులుతుంది. నువ్వు లారీ వచ్చిందని వెళ్ళిపోయావు చూడు, అప్పుడు ఆయన టీ పోస్తూ అన్నాడు, కెటిల్ పొయ్యిమీద పెట్టి చాలా రోజులైంది, ఒక్కడికి కెటిల్ ఏం పెడతాం అని. ఇంక కారు గురించి నేనేం ఆలోచిస్తాను? వద్దని చెప్పేస్తే మర్నాడు ఏ వంకతో వెళ్ళను?"

"ఊరికే వెళ్ళి కూర్చోవచ్చుగా బావా."

"ఊరికే వెళితే జాలిపడి వచ్చాడనుకుంటాడు. బేరానికెళితే మగాడిలా నాతో పోట్లాడతాడు. ఒక్కోరోజు కేకలేస్తాడు కూడా. ఆరోగ్యానికి మంచిది." హద్దూ చుట్టూ చూసి, బావమరిది మోకాలి మీద చెయ్యేశాడు. "ఆయనకి మాత్రం తెలియనివ్వకు. నేను కొంటానని ఆశ పెట్టుకుని ఉన్నాడు."

ఆ తర్వాత అతను లేచి, ఈ మధ్య హాజీ ధర మళ్ళీ తగ్గిస్తాడేమోనని భయంగా ఉందని, నువ్వు మాత్రం అటువంటి సలహాలు ఇవ్వకని చెప్పి, ఇంటివైపు నడిచాడు.

జైద్ తిన్నగా అక్క దగ్గరికెళ్ళి, వాకిట్లోంచే అంతా చెప్పేశాడు. ఇత్తో పిండి ముద్దల మీద తడిగుడ్డ కప్పుతూ, నీకిప్పుడు తెలిసిందా అంది. అప్పుడప్పుడు నువ్వూ కాస్త నిదానంగా ఉంటే ఇంకా ముందే తెలిసేది అని కూడా అంది. ఆ తర్వాత అతనికీ ఒక రొట్టె ఇచ్చింది.

కొన్నాళ్ళకి, అయాచీ కొండ మీద మొదటి మంచు పడ్డ వారంలో, జైద్ కొట్లో ఉండగా బెనైసా ఫోన్ చేశాడు. బాగా ఆలోచించాడట. ఆ కారు కావల్సిందేనట. ముందు చెప్పిన దానికన్నా బాగా పెంచి ఇస్తాడట. టైర్ల సంగతి కూడా మర్చిపోలేదని, బండ్లన్నిటికీ చలికాలం టైర్లు రేపే పంపించమంటానని అన్నాడు. పక్క గది యజమాని నిన్ననే వచ్చి, తీసుకుంటావా లేదా అని అడిగి వెళ్ళాడు.

ఫోన్లో అవతల బెనైసా, వినబడుతోందా అని అడిగాడు.

రోడ్డు మీద లారీల హారన్లు మోగుతున్నాయి. జైద్ తలుపు దగ్గరికొచ్చి చూశాడు. నల్లటి కారు పెళ్ళి ఊరేగింపులా మెల్లగా కనుమవైపు వెళ్తోంది. స్టీరింగు దగ్గర హద్దూ ముక్కు అద్దానికి ఆనేలా ముందుకు వంగి కూర్చున్నాడు. పక్కన మీలూద్ చెయ్యి ఊపుతూ ఏదో గట్టిగా వాదిస్తున్నాడు. వాళ్ళ వెనక ఆపిల్ లారీలు కనుచూపుమేర వరస కట్టాయి. ఇద్దరిలో ఒక్కడూ అద్దంలోంచి వెనక్కి చూడడం లేదు.

"అమ్ముడుపోయింది" అన్నాడు జైద్ ఫోన్లో.

"అయ్యో. ఎవరికి?"

ఇది జైద్ ఆలోచించుకోలేదు. "యజమానికే" అన్నాడు.

బెనైసా వ్యాపారి కనక చివరికి అడగాల్సింది అడిగాడు, ఎంతకి కుదిరిందని.

"అదే ఇంకా తేలలేదు" అన్నాడు జైద్. "బేరమాడుకుంటున్నారు."